గ్లాండు తాడా, రబ్బరు సీలా, చుక్క కారని సీలా: మీ బోటు షాఫ్టుకు ఏది నప్పుతుంది?

ఇంజను బోటు లోపల, ప్రొపెల్లరు నీటిలో ఉంటాయి కనుక, ఈ రెండింటినీ కలిపే షాఫ్టు బోటు వెనుక భాగాన్ని దాటుకునే బయటికి పోవాలి. ఆ దాటే చోట, తిరుగుతున్న షాఫ్టు చుట్టూ సముద్రపు నీటిని ఆపే ఏర్పాటు ఒకటి ఉండాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధంలో, బోటును ఒడ్డుకు లాగి షాఫ్టు బయటికి తీసినప్పుడే చాలామంది యజమానులకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. షాఫ్టు చుట్టూ తాడు కూర్చి నొక్కే పాత గ్లాండులో కొత్త తాడు వేసి సరిపెట్టుకోవాలా, ఖర్చు పెట్టి చుక్క కారని సీలుకు మారాలా అన్నదే ఆ ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం తీరపు పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని ఈ ఎంపికలను ఇక్కడ పోల్చి చూద్దాం.

## ముందుగా చూడవలసిన విషయాలు

సీలు కొనేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, నీరు ఎంత కారుతుందని. నా అభిప్రాయంలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. మొదట అడగవలసింది, ఈ సీలు పాడయ్యేటప్పుడు ఎలా పాడవుతుందని. ఒడ్డుకు చాలా దూరంలో ఉన్నప్పుడు కారడం కొద్దికొద్దిగా పెరుగుతూ ముందే సూచన ఇచ్చే సీలు ఒక రకం, ఏళ్ల తరబడి చుక్క కూడా కారకుండా ఉండి ఒక్కసారిగా తెగి నీళ్లు లోపలికి తోసే సీలు మరో రకం. రెండో రకాన్ని ఎంచుకునే బోటులో నమ్మకమైన బిల్జి పంపు (బోటు అడుగున చేరిన నీటిని తోడే పంపు), దానికి తగిన బ్యాటరీ, నీరు చేరితే మోగే అలారం తప్పనిసరిగా ఉండాలి.

రెండోది ఇసుక. కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. ఈ నదుల మొగల్లో ఇసుక మేటలు మారుతూ ఉంటాయి, వరదల నెలల్లో నీరు ఒండ్రుతో ఎర్రబడుతుంది. చాలా ఊళ్లలో చిన్న బోట్లను ఇసుక మీదికే లాగుతారు. ఇసుక రేణువు గ్లాండు తాడులో చిక్కితే షాఫ్టును మెల్లగా అరగదీస్తుంది, రబ్బరు పెదవి కింద చిక్కితే ఆ పెదవినే కోస్తుంది.

మూడోది షాఫ్టు పరిస్థితి, ఇంజనుతో దాని అమరిక. పదేళ్లు గ్లాండులో తిరిగిన షాఫ్టు మీద వేలుగోరు ఆనించి జరిపితే తగిలేంత గాడి పడి ఉంటే, ఆ గాడి మీద ఏ రబ్బరు సీలూ నిలవదు. కొత్త సీలు ధరతో పాటు షాఫ్టు ధర కూడా లెక్కలో వేసుకోవలసి వస్తుంది.

నాలుగోది, బాగుచేసేది ఎవరు, ఎక్కడ అన్నది. గ్లాండు తాడును జిల్లా కేంద్రంలోని మిల్లు సామాన్ల దుకాణంలో అడిగి చూడవచ్చు, ఎందుకంటే రైసు మిల్లులోని పంపుకూ ఇలాంటి తాడే వాడతారు. దిగుమతి సీలు విడిభాగానికి మాత్రం విశాఖపట్నానికి పోయి, అక్కడా లేకపోతే తెప్పించుకునేవరకు బోటును ఒడ్డునే ఉంచవలసి వస్తుంది.

## గ్లాండు తాడు

మన తీరంలోని చెక్క బోట్లలోనూ, లోపలి ఇంజనున్న ఫైబరు బోట్లలోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. షాఫ్టు చుట్టూ ఉన్న కంచు పెట్టెలో చదరపు తాడును మూడు నాలుగు చుట్లుగా కూర్చి, ముందు నుంచి గ్లాండును నట్లతో నొక్కుతారు. తాడు షాఫ్టుకు హత్తుకుని నీటిని ఆపుతుంది, కానీ పూర్తిగా ఆపదు, ఆపకూడదు కూడా. షాఫ్టుకూ తాడుకూ మధ్య జారే ఆ పలుచని నీటి పొరే వేడిని తీసుకుపోతుంది. ఒక్క చుక్క కూడా రాకుండా బిగించడమే గ్లాండుకు జరిగే అతి పెద్ద హాని, ఎందుకంటే తాడు మాడి గట్టిపడి, షాఫ్టును ఆకురాయిలా అరగదీస్తుంది.

సంప్రదాయ నార తాడుకు షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి 2 నుంచి 3 చుక్కలు సరైన కొలత. 20 చుక్కలు సుమారు 1 మిల్లీలీటరు అనుకుంటే, నిమిషానికి 3 చుక్కల చొప్పున గంటకు 9 మిల్లీలీటర్లు, 10 గంటల ప్రయాణానికి 90 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుకు మించదు. అదే సెకనుకు ఒక చుక్క పడుతుంటే గంటకు 180 మిల్లీలీటర్లు, రోజుకు 4 లీటర్ల పైచిలుకు చేరుతుంది. అప్పుడు బిగించవలసిందే, కానీ నట్టును ఒక్కో వైపు ఆరో వంతు తిప్పు మాత్రమే తిప్పి, రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసి, పావుగంట నడిపి మళ్లీ చూడాలి. ఒక వైపే బిగిస్తే గ్లాండు వాలి షాఫ్టుకు రాసుకుంటుంది. నడుస్తున్న షాఫ్టును ముట్టుకోకుండా గ్లాండు పెట్టె మీద మాత్రమే చెయ్యి పెట్టి చూస్తే, గోరువెచ్చగా ఉండవచ్చు, చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉండకూడదు.

తాడులోనూ రకాలున్నాయి. కొవ్వు లేదా మైనం పట్టించిన నార తాడు చవక, షాఫ్టుకు మెత్తన, కానీ తరచుగా బిగించాలి. టెఫ్లాన్ పట్టించిన తెల్లని తాడు ఎక్కువ కాలం వస్తుంది, తక్కువ కారుతుంది, అయితే వేడికి వ్యాకోచిస్తుంది కనుక మొదటి గంటల్లో వదులుగానే ఉంచి మెల్లగా సర్దుకోవాలి. నల్లని గ్రాఫైట్ తాడు మిల్లు పంపుల్లో అద్భుతంగా పనిచేస్తుంది, దుకాణదారు కూడా దాన్నే చేతికిస్తాడు. కానీ ఉప్పునీటిలో గ్రాఫైట్ పక్కన ఉన్న లోహాన్ని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ షాఫ్టు మీద సూది గుంటలు పడతాయి. సముద్రపు బోటుకు దాన్ని నేను సలహా ఇవ్వను. పాత బోట్లలో ఆస్బెస్టాస్ తాడు కనిపిస్తే, దాని పొడి ఊపిరితిత్తులకు హానికరం కనుక తడిపి ఉంచుతూనే పీకి, సంచిలో కట్టి పారేయాలి.

తాడు మార్చే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గ్లాండు ఎంత కాలం వస్తుందన్నది అక్కడే తేలుతుంది. గ్లాండు పెట్టె లోపలి వ్యాసంలోంచి షాఫ్టు వ్యాసాన్ని తీసివేసి రెండుతో భాగిస్తే తాడు మందం వస్తుంది. పెట్టె 56 మి.మీ., షాఫ్టు 40 మి.మీ. అయితే 8 మి.మీ. తాడు కావాలి. 10 మి.మీ. తాడును సుత్తితో కొట్టి పలుచన చేసి దూర్చేవారున్నారు, అది పోగులను విరగ్గొడుతుంది. తాడును స్ప్రింగులా ఒకే పొడవుగా చుట్టకుండా, షాఫ్టుకు సమానమైన వ్యాసమున్న కడ్డీ మీద చుట్టి, ఒక్కో చుట్టును పదునైన కత్తితో విడిగా కోయాలి. అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా, మూడు చుట్లయితే వలయంలో మూడో వంతు చొప్పున, నాలుగయితే నాలుగో వంతు చొప్పున తిప్పి పెట్టాలి. పాత చుట్లలో ఒక్కటి కూడా లోపల మిగలకూడదు, ఎందుకంటే అడుగున మిగిలిన గట్టి చుట్టు కొత్తవాటిని సరిగా కూర్చోనివ్వదు.

ఇక గ్రీజు. స్టెర్న్ ట్యూబుకు (షాఫ్టు బోటు బయటికి పోయే గొట్టానికి) కంచు బుష్షులు, అంటే షాఫ్టును మోసే తొడుగులు, పైన తిప్పే గ్రీజు కప్పు ఉన్న బోట్లలో, ఇంజను ఆపే ముందు షాఫ్టు నెమ్మదిగా తిరుగుతుండగా కప్పును ఒకటి రెండు తిప్పులు తిప్పితే, గ్రీజు తాడు వెనుక చేరి, బోటు కట్టేసి ఉన్నప్పుడు కారే నీటిని కూడా తగ్గిస్తుంది. దీనికి నీటికి కడుక్కుపోని కాల్షియం రకం గ్రీజు కావాలి, లారీ చక్రాలకు వాడే సాధారణ గ్రీజు ఉప్పునీటిలో అంతగా నిలవకపోవచ్చు. అయితే బయటి బుష్ రబ్బరుదైతే ఈ పద్ధతి వర్తించదు. రబ్బరు బుష్‌లోని గాడుల గుండా నీరు ప్రవహించడమే దానికి తైలం, గ్రీజు ఆ దారులను మూసేస్తుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది కూడా. మీ బోటులో ఉన్నది ఏ బుష్షో తెలుసుకోకుండా గ్రీజు కప్పు బిగించవద్దు.

## పెదవి రబ్బరు సీలు

మోటారు సైకిలు ఆయిల్ సీలును చూసినవారికి ఇది కొత్త కాదు. రబ్బరు గొట్టం చివర ఉన్న రెండు మూడు పెదవులు షాఫ్టును పట్టుకుని ఉంటాయి, చుక్క కారదు, రోజూ బిగించే పని ఉండదు. చిన్న ఇంజన్లకు చాలా పొందికైన ఏర్పాటు.

తైలం విషయంలో ఇది మితంగా అడుగుతుంది. ఈ తరహాలో పేరున్న వోల్వో పెంటా సీలుకు తయారీదారు చెప్పే పద్ధతి ప్రకారం, సుమారు 200 గంటలకొకసారి లేదా ఏడాదికొకసారి పెదవుల మధ్యకు 1 మిల్లీలీటరు నీటికి కరగని గ్రీజు ఎక్కించాలి, 500 గంటలకు లేదా ఐదేళ్లకు సీలునే మార్చాలి. ఎక్కువ గ్రీజు ఎక్కించడం వల్ల లాభమేమీ లేదు. బోటును నీటిలోకి దింపిన వెంటనే రబ్బరును వేళ్లతో నొక్కి, లోపల చిక్కిన గాలిని పోనిచ్చి, నీరు రావడం చూశాకే ఇంజను వెయ్యాలి, లేకపోతే పొడి షాఫ్టు మీద పెదవులు కాలిపోతాయి.

ఈ లెక్కలు విహార పడవలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవన్న సంగతి మనం మరవకూడదు. వారాంతాల్లో మాత్రమే తిరిగే పడవకు 500 గంటలు ఐదేళ్లకు సరిపోతాయి. రోజుకు 5 గంటలు ఇంజను నడిపే వేట బోటుకు అవి 100 వేట రోజులు మాత్రమే, రాత్రింబవళ్లు సముద్రంలో ఉండే ట్రాలరుకైతే నెల రోజులు కూడా కాదు. అమ్మేవారు ఐదేళ్ల మాట చెబుతారు గానీ గంటల మాట ఎత్తరు. పైగా సీలు మార్చాలంటే షాఫ్టును ఇంజనుతో కలిపే కప్లింగు నుంచి విడదీసి వెనక్కి జరపాలి, కొత్త సీలు కీ గాడి అంచుకు తగిలి తెగకుండా పలుచని ప్లాస్టిక్ తొడుగు మీదుగా ఎక్కించాలి. కొన్ని తయారీల్లో అదనపు సీలును ముందే షాఫ్టు మీద ఎక్కించి ఉంచుతారు, కొనేవారు ఆ రకాన్నే చూసుకోవడం మంచిది.

ఇసుక దీనికి ప్రధాన శత్రువు. మొగల్లో రోజూ తిరిగే బోటుకు దీన్ని నేను ఎంచుకోను.

## ముఖాముఖి సీలు

చుక్క కారని సీలు అని దుకాణాల్లో ఎక్కువగా చెప్పేది దీన్నే. స్టెర్న్ ట్యూబుకు బిగించిన రబ్బరు బెలోస్ (మడతల గొట్టం) చివర కార్బన్ వలయం ఉంటుంది, షాఫ్టుకు బిగించిన స్టెయిన్‌లెస్ వలయం దానికి ఎదురుగా తిరుగుతుంది, బెలోస్ ఒత్తిడి ఆ రెండు నునుపైన ముఖాలను కలిపి ఉంచుతుంది. షాఫ్టు మీద రాపిడి లేదు కనుక గాడి పడదు, స్టెయిన్‌లెస్ వలయం కూర్చునే చోటు బాగుంటే పాత గాడి ఉన్న షాఫ్టుకు కూడా పనికొస్తుంది. కొద్దిపాటి కంపనాన్ని బెలోస్ సర్దుకుంటుంది.

దీనికి గ్రీజు, నూనె ఏదీ పెట్టకూడదు. గ్లాండుకు అలవాటుపడిన చేతులు దీనికీ గ్రీజు రాస్తాయి, అప్పుడు కార్బన్ ముఖం మీద జిడ్డు, దాని మీద ఒండ్రు పట్టి ముఖాలు విడిపోయి కారడం మొదలవుతుంది. కొత్తలో సన్నగా నీటి తుంపర వస్తే కొన్ని గంటల్లో ముఖాలు కలుసుకుని ఆగుతుంది. తరువాత కారితే శుభ్రమైన గుడ్డతో ముఖాలను తుడవాలి తప్ప తైలం రాయకూడదు.

దీని బలహీనత దాని కాపుదల అక్కరలేని తీరులోనే ఉంది. స్టెయిన్‌లెస్ వలయాన్ని షాఫ్టుకు పట్టి ఉంచేది చిన్న సెట్ స్క్రూలు. అవి వదులై వలయం జారితే, లేదా బెలోస్ చీలితే, నీరు చుక్కల్లో కాక ధారగా వస్తుంది. పీఎస్ఎస్ అనే పేరుతో వచ్చే ముఖాముఖి సీలుకు తయారీదారు ఆరేళ్లకొకసారి బెలోస్ మార్చమంటారు, విప్పిన సెట్ స్క్రూలను మళ్లీ వాడవద్దంటారు. వలయం జారినా ఎక్కువ దూరం పోకుండా దాని ముందు షాఫ్టుకు ఒక క్లాంపు బిగించడం తక్కువ ఖర్చుతో పెద్ద రక్షణ.

మన చిన్న బోట్లకు ఇది నప్పకపోవడానికి మరో కారణం ఉంది. నీటిలోకి దింపిన ప్రతిసారీ బెలోస్‌ను వెనక్కి నొక్కి గాలి తీయాలి, లేదా నీటి మట్టానికి పైదాకా గాలి గొట్టం పెట్టాలి. రేవులో నెలల తరబడి నీటిలోనే ఉండే బోటుకు ఇది పనే కాదు. కానీ భావనపాడు, చింతపల్లి వంటి చోట్ల రోజూ ఇసుక మీదికి వచ్చిపోయే బోటుకు ఇది రోజువారీ విధి అవుతుంది, తెల్లవారుజామున అలల్లోకి తోసే తొందరలో ఒక్కరోజు మరిచినా ముఖాలు పొడిగా రాసుకుంటాయి.

## అవుట్‌బోర్డు ఉన్నవారికి

ఇసుక మీదికి లాగే ఫైబరు తెప్పల్లో చాలావాటికి వెనుక బయట తగిలించే అవుట్‌బోర్డు ఇంజనే ఉంటుంది. బోటు అడుగుకు రంధ్రం లేదు కనుక పై ఎంపికలేవీ వారికి వర్తించవు, కానీ షాఫ్టు సీలు వారికీ ఉంది. అది కింది గేరు పెట్టెలో, ప్రొపెల్లరు వెనుక ఉంటుంది, నీటిని బయట, గేరు ఆయిల్‌ను లోపల ఉంచుతుంది. దాన్ని చెడగొట్టేది వయసు కంటే వల దారమే ఎక్కువ. నైలాను దారం ప్రొపెల్లరుకు చుట్టుకుని వేడికి కరిగి సీలు పెదవిని కోస్తుంది. వల తగిలిన రోజున ప్రొపెల్లరు విప్పి దారం ముక్కలు తీసి, షాఫ్టు పళ్లకు నీటికి కరగని గ్రీజు రాసి తిరిగి బిగించాలి.

గేరు ఆయిల్ కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకు, ఆపై 100 గంటలకొకసారి మార్చాలి. తీసిన ఆయిల్ పాల రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం, అప్పుడు ఆయిల్ మారిస్తే చాలదు, సీలు మార్చాలి. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పై రంధ్రం నుంచి బయటికి వచ్చేవరకు నింపాలి, స్క్రూల కింది వాషర్లు కొత్తవి వెయ్యాలి.

## ఒక్కచోట పోలిక

| విషయం | గ్లాండు తాడు | పెదవి సీలు | ముఖాముఖి సీలు |
|---|---|---|---|
| పాడయ్యే తీరు | మెల్లగా, ముందే తెలుస్తుంది | మధ్యస్థం | అరుదు, కానీ ఒక్కసారిగా |
| తైలం | కంచు బుష్ అయితే గ్రీజు, రబ్బరు బుష్ అయితే నీరే | ఏడాదికి కొద్ది గ్రీజు | ఏమీ పెట్టకూడదు |
| ఇసుక, ఒండ్రు | తట్టుకుంటుంది, షాఫ్టు అరుగుతుంది | తట్టుకోదు | పలుచని ఒండ్రును తట్టుకుంటుంది |
| గాడి పడిన షాఫ్టు | కొంతవరకు పరవాలేదు | పనికిరాదు | కూర్చునే చోటు బాగుంటే చాలు |
| సముద్రంలో మరమ్మతు | రెండు స్పానర్లతో అవుతుంది | కష్టం | చాలా కష్టం |
| మొదటి ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

## ఎవరికి ఏది

ఒడ్డు నుంచి పోయి అదే రోజు తిరిగివచ్చే, లోపలి ఇంజనున్న బోటుకు గ్లాండు తాడే నా సలహా. టెఫ్లాన్ తాడుకు పెట్టే అదనపు ఖర్చు ఒక్క నిషేధ కాలం నుంచి మరో నిషేధ కాలం వరకు విప్పకుండా నడిచిన రోజున తిరిగివస్తుంది. ఇలాంటి బోటుకు ఎవరైనా చుక్క కారని సీలు అమ్మజూస్తే, గాలి తీసే పని రోజూ ఎవరు చేస్తారని అడగండి.

బోటును విశాఖ రేవులో కట్టుకుని, రోజుల తరబడి సముద్రంలో ఉండే యజమానుల విషయం వేరు. ఇంజను గదిలోకి రోజూ తొంగిచూసే సరంగు లేదా డ్రైవరు ఉంటే, వారికి కూడా గ్లాండే భద్రం. షాఫ్టును కొత్తగా మార్చి, ఇంజను అమరికను సరిచేసి, బిల్జి అలారం పెట్టించి, అదనపు విడిభాగాలు బోటులోనే ఉంచుకోగలవారికి మాత్రం ముఖాముఖి సీలు లాభదాయకం. గ్లాండు నుంచి ఎగిరిపడే ఉప్పునీరు లేనప్పుడు ఇంజను కాళ్లూ కప్లింగూ తుప్పు పట్టవు, ఆ ఆదా చిన్నది కాదు. పెద్ద ఉక్కు నౌకల్లో స్టెర్న్ ట్యూబంతా నూనెతో నింపి రెండు చివరలా సీళ్లు పెడతారు, కానీ మన బోట్లకు ఆ ఖర్చూ ఆ కాపుదలా అవసరం లేదు.

చెరువుల్లో, జలాశయాల్లో తిరిగే విహార పడవలకు పెదవి సీలు బాగా కుదురుతుంది. నీటిలో ఇసుక తక్కువ, నడిచే గంటలు తక్కువ, పడవ అడుగు పొడిగా ఉంటే ప్రయాణికులకూ ధైర్యం.

## ఏది ఎంచుకున్నా తప్పనివి

అమరిక సరిగా లేని ఇంజనుకు ఏ సీలు వేసినా ఆరు నెలలు నిలవదు. కప్లింగు రెండు ముఖాల మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో ఫీలర్ గేజితో (సందును కొలిచే పలుచని రేకులతో) చూడాలి, 100 మి.మీ. వ్యాసానికి 0.1 మి.మీ. తేడా దాటకూడదు. ఈ పరీక్ష ఒడ్డు మీద చేస్తే లాభం లేదు, ముఖ్యంగా చెక్క బోటు నీటిలో దిగి ఒకటి రెండు రోజులు నాని తన ఆకారానికి వచ్చాకే చేయాలి.

నిషేధ కాలంలో బోటు నీటిలోనే ఉంటే వారానికోసారి షాఫ్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. కదలని నీటిలో తాడు కింద స్టెయిన్‌లెస్ షాఫ్టుకు గుంటలు పడతాయి. ఒడ్డు మీద ఇంజను పరీక్షించవలసివస్తే శీతలీకరణకు నీరు అందిస్తూ న్యూట్రలులోనే నడపాలి, గేరు వేసి షాఫ్టును పొడిగా తిప్పితే బుష్షూ సీలూ రెండూ ఒకే నిమిషంలో చెడతాయి. గ్లాండును స్టెర్న్ ట్యూబుతో కలిపే రబ్బరు గొట్టం ఉన్న బోట్లలో, ఆ గొట్టానికి ఒక్కో చివర రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు ఉన్నాయో లేదో, గొట్టం మీద పగుళ్లున్నాయో లేదో చూడాలి. గ్లాండు బాగుండి గొట్టం పగిలినా బోటు మునుగుతుంది.

సముద్రంలో సీలు తెగితే ముందు ఇంజనును న్యూట్రలుకు తేవాలి. షాఫ్టు ఆగాక సైకిలు ట్యూబు పట్టీని సాగదీసి, సీలు చుట్టూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా గట్టిగా చుట్టి కడితే ధార చాలావరకు తగ్గుతుంది, ఆ తరువాత మరో బోటు సాయంతో లాగించుకుని రావచ్చు. రెండు మీటర్ల ట్యూబు పట్టీ, గ్లాండు వాడేవారైతే కోసి ఉంచిన నాలుగు తాడు చుట్లు, నట్లకు సరిపోయే రెండు స్పానర్లు ఇంజను పక్కనే వేలాడుతూ ఉండాలి.

సీలు మార్చాలని నిశ్చయించుకున్నవారు విశాఖకు బయల్దేరే ముందు నాలుగు వివరాలు (వ్యాసాలైతే వెర్నియరుతో కొలిచి) కాగితం మీద రాసుకోవాలి: షాఫ్టు వ్యాసం (కొత్త కొలత కాదు, అరిగిన చోట ఇప్పటి కొలత), స్టెర్న్ ట్యూబు బయటి వ్యాసం, ట్యూబు చివర నుంచి కప్లింగు వరకు షాఫ్టు మీద ఖాళీ ఉన్న పొడవు, షాఫ్టు లోహం ఏమిటన్నది. మూడో కొలత సరిపోకపోతే ముఖాముఖి సీలు అసలు పట్టదు, అప్పుడు దుకాణంలో దాని ధర అడగవలసిన పని కూడా ఉండదు.